డాక్టరుగారి పైగది

పైగా ఆ పళ్ళ డాక్టరు సెలవు రోజున ఎనిమిదికి ముందు లేచే మనిషి కాదు. లేచి, కాఫీ తాగి, పేపరు చదివి, వదిన చేత నాలుగు మాటలు పడి బయల్దేరేసరికి తొమ్మిదవుతుంది. ఆయన ఊరి నుంచి, రెండు కుటుంబాలూ అద్దెకు తీసుకున్న సముద్రం ఒడ్డు ఇంటికి దారి మూడు గంటలు. అంటే పన్నెండు. తన ఊరి నుంచి తొమ్మిది గంటలు. ఈ రాత్రి పదింటికి కారు తీస్తే రేపు ఏడింటికల్లా గేటు ముందుంటాడు. తేడా అయిదు గంటలు. అయిదు గంటల్లో ఒక్క పైగదేమిటి, రాజ్యమే చేజిక్కించుకోవచ్చు.

శుక్రవారం ఉదయం బస్సు డిపోలో తన బల్ల దగ్గర కూర్చుని అతను ఈ లెక్క వేస్తున్నాడు. అతని పని బస్సులకు వేళలు రాయడం. ఇంటా బయటా అందరూ అతన్ని టైంటేబుల్ అనే పిలుస్తారు. డిపోలో ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే వచ్చి డ్యూటీ పుస్తకంలో ముందు సంతకం పెట్టిన డ్రైవరుకు మంచి బస్సు. చివర వచ్చినవాడికి అద్దాలు పైకెక్కని బస్సు. లోకమంతా ఈ పద్ధతి మీదే నడుస్తోందని అతని నమ్మకం.

రెండేళ్ళ కిందట రెండు కుటుంబాలూ కలిసి సముద్రం ఒడ్డున ఇదే ఇల్లు వారం రోజులకు అద్దెకు తీసుకున్నాయి. డాక్టరు అతని తోడల్లుడు, అంటే భార్యకు అక్క మొగుడు. ఆయన కుటుంబం ముందొచ్చి మేడ మీది గదిలో దిగింది. వీళ్ళకు నీళ్ళ మోటారు పక్కనున్న వెనకగది మిగిలింది. తిరిగొచ్చాక దుప్పట్లు మడతపెడుతూ భార్య అంది, "అక్కావాళ్ళకి కిటికీ తీస్తే సముద్రమే." అంతే. ఫిర్యాదుగా అని ఉంటే అతను ఏదో ఒక సమాధానం చెప్పేవాడు. ఆమె మామూలుగా అంది. మామూలుగా అన్న మాటకు సమాధానం ఉండదు. అది లోపల ఉండిపోతుంది.

ఆ ప్రయాణంలోనే కింది వరసలో కుడివైపు దవడపన్ను సలపడం మొదలైంది. అప్పటి నుంచి అతను ఎడమవైపే నములుతున్నాడు. ఇంట్లో పళ్ళ డాక్టరును పెట్టుకుని బయటి డాక్టరు దగ్గరికి వెళితే నలుగురూ నవ్వుతారు. తోడల్లుడి దగ్గరికే వెళ్ళాలంటే కుర్చీలో వెల్లకిలా పడుకుని ఆయన ముందు నోరు తెరవాలి. అంతకంటే నొప్పే నయం.

రాత్రి ఊరు దాటాక భార్య ఆవులిస్తూ అడిగింది. "ఎందుకండీ ఈ రాత్రి ప్రయాణం?"

"పాప నిద్రపోతుంది. రోడ్డు ఖాళీగా ఉంటుంది."

"పాపా నిద్రపోతుంది, నేనూ నిద్రపోతాను. మీరు కదా పోకూడదు. అక్కతో చెప్పాను, ఈయన రాత్రంతా తోలతారట, చెబితే వినరు అని. బావ నవ్వాట్ట."

"ఎలా నవ్వాడు?"

"ఎలా నవ్వుతారు? నోటితోనే," అని ఆమె కళ్ళు మూసుకుంది.

ఆ నవ్వును తలుచుకుంటూ అతను నలభై కిలోమీటర్లు తోలాడు. జాలిగా నవ్వాడా, వెటకారంగా నవ్వాడా? ఆ మనిషికి పళ్ళు కూడా తెల్లగా ఉంటాయి. రకరకాల నవ్వులు వేసి చూసుకుని, చివరికి అన్నిటికంటే ఎక్కువ నొప్పి పుట్టించేదాన్ని ఎంచుకుని, దాన్నే నిజమనుకున్నాడు.

ఏడుకు పది నిమిషాలుండగా కారు గేటు ముందు ఆగింది. భార్యా ఎనిమిదేళ్ళ కూతురూ వెనక సీట్లో ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోతున్నారు. ఇంటి కాపలాదారు ఒక చేత్తో దవడ పట్టుకుని, ఇంకో చేత్తో గేటు పట్టుకుని, సందులోంచి లాంతరులా తల బయటపెట్టి చూశాడు.

"పన్నెండు దాకా తెరవకూడదండీ, ఓనరమ్మ మాట. డాక్టరుగారి మనుషులైతేనే తెరుస్తాను. మీరు డాక్టరుగారా, లేక..."

'లేక' తరవాత ఏముందో వినే ఓపిక అతనికి లేదు. తల ఊపాడు. అబద్ధమాడడానికి నోరు కావాలి. అతను తల మాత్రమే ఊపాడు, అదీ రెండంగుళాలు.

గేటు బార్లా తెరుచుకుంది. వరండాలో బల్ల మీద పెద్ద రిజిస్టరు. తోడల్లుడి పేరు రాసి ఒక్క ఊపున సంతకం పెట్టేశాడు. రెండేళ్ళుగా మనసులో రాస్తున్న పేరే కదా.

"గదులు మీరు ఫోన్లో చెప్పినట్టే..." అని కాపలాదారు మొదలుపెట్టాడు.

"ఫోన్లో చెప్పింది వదిలెయ్. పైగది నాది. నా తోడల్లుడి కుటుంబం తరవాతొస్తుంది. వాళ్ళకి వెనకది చాలు."

"వెనకదా? మోటారు మోగుతుందండీ."

"పరవాలేదు. వాళ్ళకి అలవాటే."

కాపలాదారు కాసేపు అతని మొహంలోకి చూసి, సిరాతో అలాగే రాసుకున్నాడు. పెద్దవాళ్ళ మనసులు తనకెందుకని కాబోలు. రాయడం అయ్యాక కలం పక్కన పెట్టి, బల్ల మీదికి వంగి నోరు తెరిచాడు. "కుడిపక్కనండీ. నాలుగు రాత్రుళ్ళయింది నిద్రపోయి. మీరొస్తున్నారని తెలిసి మాత్ర కూడా వేసుకోలేదు."

అతను ఫోను లైటు వేసి లోపలికి చూశాడు. లోపల చీకటిగా, తడిగా, తనకేమీ సంబంధం లేని ప్రపంచంలా ఉంది. "వెనక బాగా రద్దీగా ఉంది," అన్నాడు. వృత్తిలో అలవాటైన మాట అదొక్కటే తట్టింది. "ఉప్పునీళ్ళు పుక్కిలించు. మళ్ళీ చూద్దాం."

"చల్లగా ఉండండి బాబూ," అంటూ కాపలాదారు పెరట్లోకి పరుగెత్తాడు.

అతను మేడెక్కి కిటికీ తెరిచాడు. సముద్రం ఉంది. రెండేళ్ళుగా తాను ఊహించుకున్నదానికంటే కాస్త చిన్నగా ఉంది, అయినా ఉంది. భార్యను లేపి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఏమీ మాట్లాడకుండా ఈ కిటికీ ముందు నిలబెట్టాలి. మామూలుగా. రెండు నిమిషాలు ఆ ఊహను ఆస్వాదించి కిందికి దిగాడు.

ఈలోగా భార్యకు మెలకువ వచ్చింది. గేటు దగ్గర కాపలాదారు ఎదురై, "డాక్టరుగారు పైగది తీసుకున్నారమ్మా, ఇప్పుడే మేడెక్కారు," అన్నాడు. ఆమె నిట్టూర్చి, కూతుర్ని భుజాన వేసుకుని, సంచీలు ఒక్కొక్కటే వెనకగదిలోకి మోసుకుపోయింది. డాక్టరుగారి ఇంట్లో ఏదో మాటామాటా వచ్చినట్టుందనుకుని కాపలాదారు మర్యాదగా తల దించుకున్నాడు.

టైంటేబుల్ కిందికి వచ్చేసరికి ఆమె వెనకగదిలో బట్టలు సర్దేస్తోంది.

"ఇక్కడ సర్దుతున్నావేమిటి?"

"మరెక్కడ? చూశారా, బావ అప్పుడే వచ్చేశాట్ట. పైగది తీసేసుకున్నాట్ట. పాపం, మీరు రాత్రంతా తోలారు."

పైన ఉన్న డాక్టరు నేనే అంటే, ఎందుకలా చేశారని అడుగుతుంది. దానికి సమాధానం రెండేళ్ళ వెనక, మడతపెట్టిన దుప్పట్ల దగ్గర మొదలవుతుంది.

"ఆయన కారేదీ, బయట కనబడలేదు?" అందామె.

"అలా... నడకకి వెళ్ళాడేమో. కారులో."

"కారులో నడకకా?"

"ఒడ్డు దాకా కారులో వెళ్ళి, అక్కణ్ణించి నడుస్తాడు."

"బావ అంటే బావే. వచ్చీ రాగానే నడక. మీరూ ఉన్నారు, ఎందుకు?" అని ఆమె కూతురి పక్కన నడుం వాల్చింది. లేచి తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళేసరికి పది దాటింది.

గోడ అవతల మోటారు మోగడం మొదలుపెట్టింది. అతను మంచం అంచున కూర్చున్నాడు. ఇంతకాలం అతనికి ఉన్న శత్రువు కనీసం ఊపిరి పీల్చే మనిషి. ఇప్పుడు ఎవరూ నడవని ఒక నడకను చూసి కడుపు మండుతోంది. ఆ డాక్టరు తనకంటే ముందు వచ్చాడు, పైగది తీసుకున్నాడు, భార్య చేత మెప్పు పొందాడు. ఆ డాక్టరు తనే. అయినా మంట తగ్గలేదు. పన్ను కూడా సలుపుతోంది.

"డాక్టరుగారూ!" వరండాలోంచి పిలుపు.

కాపలాదారు ఒక్కడే లేడు. పక్కన వాళ్ళమ్మ, ఆమె వెనక పక్కింటి తోటమాలి. ముగ్గురూ దవడలు పట్టుకుని వరుసగా నిలబడ్డారు.

"మా అమ్మకి పై పన్ను ఊగుతోందండీ. వీడికి ఏం తాగినా జివ్వుమంటుందట. మీ చెయ్యి మంచిదని నేనే చెప్పాను. ఉప్పునీళ్ళకే నాకు సగం తగ్గింది."

కాదంటే ఇందాకటి తల ఊపు బయటపడుతుంది. అతను ముసలమ్మను కుర్చీలో కూర్చోబెట్టి లైటు వేశాడు. కూతురు కళ్ళు నలుపుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నాన్నా, నువ్వు పళ్ళు చూడ్డం ఎప్పుడు నేర్చుకున్నావు?"

"ఊరుకోమ్మా. అమ్మ పిలుస్తోంది, వెళ్ళు."

"అమ్మ నీళ్ళు పోసుకుంటోంది కదా."

"ఎన్నాళ్ళ నుంచి ఊగుతోందమ్మా?" అని అతను గట్టిగా ముసలమ్మను అడిగాడు.

"మా ఆయన పోయిన ఏడాది నుంచి బాబూ. పీకేస్తావా?"

"ఇప్పుడే కాదు. కాస్త ఆలస్యంగా నడుస్తోంది," అన్నాడతను.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర హారను మోగింది. టైము పదిన్నర. అతని లెక్క జీవితంలో మొదటిసారి గంటన్నర తప్పింది. డాక్టరు కారు దిగాడు. ఇస్త్రీ చొక్కా, నిద్ర నిండిన మొహం. కాపలాదారు పరుగున ఎదురెళ్ళాడు.

"రండి రండి. తమ్ముడుగారు కదూ? మీ గది వెనక ఉందండీ. డాక్టరుగారు పేషెంట్లను చూస్తున్నారు, కాస్త చప్పుడు చెయ్యకండి."

డాక్టరు వరండా వైపు చూశాడు. అక్కడ అతని తోడల్లుడు ఒక ముసలమ్మ నోట్లోకి ఫోను లైటు వేసి, ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు. ఇద్దరి చూపులూ కలిశాయి. అతను తిట్టు కోసం ఎదురుచూశాడు. తిడితే తేలికయ్యేది.

"అవునండీ, తమ్ముణ్ణే," అన్నాడు డాక్టరు నింపాదిగా. "మా అన్నయ్య చెయ్యి చాలా మంచిది."

ఆ క్షణంలో టైంటేబుల్‌కు ఆ మనిషి ఇస్త్రీ చొక్కా కంటే, తెల్లటి పళ్ళ కంటే, ఆ మంచితనం మీద ఎక్కువ అసూయ కలిగింది.

"చెయ్యే కాదు, మనసూ పెద్దదేనండీ," అన్నాడు కాపలాదారు సంబరంగా. "ముందు ఫోన్లో పైగది మీకే ఇమ్మన్నారు. 'మా తమ్ముడు రాత్రంతా బండి తోలుకొస్తాడు, పొద్దున్నే వస్తే గేటు తెరిచెయ్, పైన కిటికీ తీసి పడుకోబెట్టు, ఎవరూ లేపొద్దు' అని మరీ మరీ చెప్పారు. పొద్దున తీరా వచ్చాక ఎందుకో మనసు మారింది. వాళ్ళకి వెనకది చాలు, అలవాటే అన్నారు."

తడి జుట్టుతో వరండాలోకి వచ్చిన భార్య ఈ మాటలన్నీ విన్నది. ఆమె బావను చూసింది, కారులోంచి సంచీ దించుతున్న అక్కను చూసింది, ఆఖరికి ఫోను లైటు ఆర్పడం మరిచిపోయిన మొగుణ్ణి చూసింది.

"అయితే పొద్దున పైన ఉన్న బావ..."

"నేనే."

"నడకకి వెళ్ళింది?"

"ఎవరూ వెళ్ళలేదు."

ఇంతలో వదిన మెట్లెక్కి వచ్చింది. ఏమీ తెలియక మొగుడి వైపు తిరిగి, "చూశారా, మరిదిగారు ఎప్పుడో వచ్చేశారు. మిమ్మల్ని ఆరింటికి లేపడానికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఆయన్ని చూసి నేర్చుకోండి," అంది. రెండేళ్ళ కిందట ఈ మాట విని ఉంటే టైంటేబుల్ ఒక వారం దాని మీద బతికేవాడు. ఇప్పుడది చెవి పక్కనుంచి పోయింది.

విషయం అర్థమైన కాపలాదారు రిజిస్టరును గుండెలకు హత్తుకున్నాడు. "కొట్టివేతలుంటే ఓనరమ్మ ఊరుకోదండీ. పైగది డాక్టరుగారిది, వెనకది తమ్ముడుగారిది. సిరాతో రాసేశాను."

"దాన్ని అలాగే ఉండనీ," అన్నాడు డాక్టరు. "పడుకోవడానికి రిజిస్టరెందుకు? తమ్ముడూ, నువ్వు పైకెళ్ళి పడుకో. కళ్ళు చూడు ఎలా ఉన్నాయో."

"వద్దు బావా," అంది భార్య, మామూలుగా. "మేం సర్దేసుకున్నాం. ఆయనకి అలవాటే."

డాక్టరు కారులోంచి చిన్న తోలుసంచీ తెచ్చి, చేతులు కడుక్కుని, ముసలమ్మ నోట్లోకి చిన్న అద్దం పెట్టి చూశాడు. చూస్తూనే, తల తిప్పకుండా, పక్కనున్నవాడికి మాత్రమే వినబడేలా అన్నాడు.

"కుడివైపు కింద, కదూ? క్రితంసారి ఇక్కడ భోజనాల దగ్గరే చూశాను, ఎడంపక్కకి మార్చి నమిలావు. నీ అంతట నువ్వే చెబుతావని చూస్తున్నాను తమ్ముడూ. రెండేళ్ళయింది."

ఈ రెండేళ్ళూ తను ఆయన కిటికీని కనిపెట్టుకుని ఉంటే, ఆయన తన దవడను కనిపెట్టుకుని ఉన్నాడు. టైంటేబుల్ కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. నిద్రలేక అది కూడా సరిగా రాలేదు. గోడ అవతల మోటారు ఆగింది. దూరంగా సముద్రం చప్పుడు వెనకగది వైపు నుంచి కూడా వినబడుతోందని అప్పుడు గమనించాడు.

ఫోను లైటు ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. కుర్చీ చుట్టూ తిరిగి, కాపలాదారును దాటి, తోటమాలి వెనక నిలబడి, కుడి దవడ మీద చెయ్యి పెట్టుకున్నాడు.

వరుసలో అతనిది నాలుగో నంబరు.