పందుల సందుకి కట్టిన ఆకు

“ఏవయ్యా, పందులు గానీ వచ్చి మొక్కల మీద పడితేనో?” అంది బెనెడిక్టా, ఇంకా చాప మీంచి లేవకుండానే.

ఆగస్ట్ కళ్లు తెరవలేదు. “వచ్చాయా?”

“రాలేదు. వస్తేనో అంటున్నాను.”

“వస్తే వాటికీ తలా ఒక గుంత చూపించు. నాటడానికి మనుషులు చాలరేమోనని నిన్నంతా ఏడ్చావుగా.”

ఆయనకు అన్నీ వేళాకోళమే. పామాయిల్ మొక్కలు లారీలో దిగినప్పటి నుంచి బెనెడిక్టాకు కంటి మీద కునుకు లేదు. నల్ల సంచుల్లో నడుమెత్తున ఉన్న మొక్కలు, ఇంటి పక్క గాలిప్ గింజల చెట్టు నీడలో, బడికి బయల్దేరిన పిల్లల్లా బారులు తీరి నిలబడ్డాయి. తాడు లాగి, వరసలు చూసి, కర్రలు పాతడం అయింది. గుంతలు తీయడం అయింది. ఇవాళ ఊళ్లో బంధువులంతా వచ్చి చెయ్యి వేస్తారు. వాళ్లకు వేడి రాళ్ల మీద కొబ్బరిపాలతో ఉడికించిన చామదుంపలూ కోడికూరా పెట్టాలి. కంపెనీ ఆఫీసరు వచ్చి, మొక్కలు సరిగ్గా నాటారో లేదో చూసి వెళ్తాడు. ఇదీ ఏర్పాటు. ఏర్పాటు ఇంత సజావుగా ఉందంటేనే బెనెడిక్టాకు గుండె దడ.

నిజానికి ఆమె భయం పందుల గురించి కాదు, అన్నయ్య కాస్పర్ గురించి. ఆ నేల వాళ్లమ్మది. అమ్మ నుంచి కూతురికి వచ్చింది. అయినా దాని మీద మాట మాత్రం ఆ కూతురి పిల్లల మేనమామది, అంటే కాస్పర్‌దే. ఏం నాటాలన్నా, ఎవరు అడుగు పెట్టాలన్నా ఆయన ఒప్పుకోవాలి. పోయిన వానల్లో వంశం వాళ్లంతా కూర్చుని మాట్లాడుకున్నప్పుడు, “అమ్మ చామ వేసుకున్న నేలలో నూనె చెట్లా?” అని కాస్పర్ ఒక్క ముక్క అన్నాడు. అందరూ నచ్చజెప్పాక తల ఊపాడు. ఊపి, లేచి వెళ్లిపోయాడు. అంతే, అప్పట్నుంచి చెల్లెలితో మాట బంద్. చర్చిలో ఎదురుపడితే పైకప్పు చూస్తాడు. దుంపలు పంపితే తిని, బుట్ట కడిగి మరీ తిప్పి పంపుతాడు కానీ, బాగున్నాయనైనా కబురు చెయ్యడు.

ఊపిన తలకీ నోటి మాటకీ చాలా తేడా ఉందని బెనెడిక్టా దిగులు. రేపు ఆ చెట్లు గెలలు వేసే వేళకు, నేనెప్పుడు ఒప్పుకున్నానని అన్నయ్య అంటే? మేనమామ అండ లేని పిల్లల్ని ఆ నేలలో ఎవరు లెక్కచేస్తారు? తాను పోయాక వాళ్ల గతేంటి? ఆ వరసలో ఆలోచించుకుంటూ పోతే ఆమె తన సమాధి దాకా వెళ్లి, అక్కడ పూలు ఎవరు పెడతారా అని కూడా బెంగపడి వస్తుంది.

అందుకే వెలుగు రాగానే లేచి, తన చేతిలో ఉన్న పని ఒకటి చేసింది. అడవి అల్లం ఆకు కోసి, సముద్రం వైపు నుంచి పందులు దూరే సందులో ఒక కర్ర పాతి, పాత నీలం జాకెట్టు పీలికతో ఆ ఆకును దానికి ముడేసింది. ఆకు కట్టిన చోటు దాటకూడదని ఆ ఊళ్లో నడక నేర్చిన ప్రతి పిల్లాడికీ తెలుసు. పందికి తెలియకపోయినా పంది గలవాడికి తెలుస్తుంది కదా, చూసి కట్టేసుకుంటాడు అనుకుంది. ఇంతలో రాళ్ల కింద నిప్పు ఆరిపోతుందేమోనని గుర్తొచ్చి ఇంటికి పరిగెత్తింది. దుంపలు చెక్కడంలో పడి ఆకు సంగతే మరిచిపోయింది.

ఎండెక్కింది. దుంపలు ఉడికాయి. ఒక్క మనిషీ రాలేదు.

“చూశావా, నేను చెప్పలేదూ?” అంది బెనెడిక్టా.

“ఏం చెప్పావు? పందులొస్తాయన్నావు. అవీ రాలేదు,” అన్నాడు ఆగస్ట్. కానీ ఆయన కూడా రెండుసార్లు రోడ్డు దాకా వెళ్లి చూసొచ్చాడు.

చివరికి ఆగస్ట్ చెల్లెలు సబీనా వచ్చింది. ఊరి నుంచి సందులో పడి రావలసిన మనిషి, పెద్ద రోడ్డు చుట్టూ తిరిగి రొప్పుతూ వచ్చింది. నోట్లో వక్క కూడా నమలకుండా ఉందంటే ఏదో కొంప మునిగిందన్నమాటే.

“వదినా, దారి మూసేశారు. ఆకు కట్టేశారు. అందరం అక్కడిదాకా వచ్చి వెనక్కి తిరిగిపోయాం.”

“ఎవరు కట్టారే?”

“ఎవరు కడతారు వదినా? నాటే రోజున ఆ నేల దారికి ఆకు కట్టే హక్కు ఎవరికుంది? మీ అన్నయ్యే.”

తాను పొద్దున కట్టిన ఆకు బెనెడిక్టాకు లేశమైనా తట్టలేదు. ఆమె లెక్కలో తాను కట్టింది పందుల సందుకి. అన్నయ్య మూసింది దారిని. తను భయపడిందే జరిగింది. చెడ్డ వార్తకు ఆమె బుర్రలో ఎప్పుడూ పీట వేసే ఉంటుంది, మంచి వార్త అయితే గుమ్మం బయటే నిలబడి నాలుగుసార్లు పిలవాలి.

“ఒక్క ఆకేనా?” అని అడిగింది.

“నేను చూసింది ఒకటే. కానీ దుకాణం దగ్గర రెండంటున్నారు. ఆయన కత్తి పట్టుకుని కాపలా కూడా ఉన్నాడట.”

“కాస్... అదే, ఆ ఇంటాయన అలాంటి మనిషి కాదు,” అన్నాడు ఆగస్ట్. ఆ ఊళ్లో భార్య అన్న పేరు ఎత్తకూడదు కనుక ఆయన కాస్పర్‌ని ఎప్పుడూ ఆ ఇంటాయనే అంటాడు. “కత్తి పట్టుకుంటే పనసకాయ కోసుకోవడానికే అయ్యుంటుంది.”

ఇంతలో కంపెనీ ఆఫీసరు వచ్చాడు. బండి ఆపాడు గానీ దిగలేదు. కిటికీలోంచి తల మాత్రం బయట పెట్టాడు.

“అమ్మా, దారిలో మీవాళ్లే చెప్పారు, భూమి మూసేశారట. తగాదా ఉన్న నేలలో మొక్క పెట్టనివ్వకూడదు. నా చేతిలో ఏమీ లేదు.”

“తగాదా లేదు సార్! మా అన్నయ్య తల ఊపాడు!”

“తల ఊపి, ఆకు కట్టాడంటే ఏ అర్థం తీసుకోమంటారు? ఆయన నోటితో సరేనంటే నాకు చాలు. లేదంటే ఈ మొక్కలు పక్క ఊరికి ఇచ్చెయ్యాలి. గుంతలు తవ్వుకుని వాళ్లు కూడా ఎదురు చూస్తున్నారు. లారీ వెనకాలే వస్తోంది.”

లారీ వచ్చింది. ఇద్దరు మనుషులు దిగి మొక్కల్ని ఎక్కించడం మొదలుపెట్టారు. ఒక్కో మొక్క పైకి వెళ్తుంటే బెనెడిక్టా చూస్తూ నిలబడలేకపోయింది. “కాస్త మెల్లగా ఎక్కించు నాయనా, ఆ ఆకు విరిగిపోతుంది,” అంటూ ఎక్కించేవాడికే సాయం పట్టింది. “ఏం చేస్తున్నావే?” అని ఆగస్ట్ అరిచేదాకా తానేం చేస్తోందో ఆమెకే తెలియలేదు.

ఈలోగా ఊళ్లోవాళ్లు కాస్పర్ దగ్గరికి రాయబారాలు నడిపారు. సబీనా మళ్లీ వెళ్లి కబురు పట్టుకొచ్చింది. “ఒకరి తర్వాత ఒకరు వెళ్లి, విప్పెయ్యి బాబూ, చెల్లెలు కదా అని బతిమాలారు వదినా. ఆయన తల కూడా ఎత్తలేదు. చేపల బుట్ట అల్లుకుంటూ కూర్చున్నాడు. రొసాలియా పెద్దమ్మ తిట్టింది కూడా. ఊఁ అనలేదు, ఆఁ అనలేదు.”

“ఊఁ అనలేదంటే కోపం తగ్గలేదన్నమాట,” అంది బెనెడిక్టా. “అయిపోయింది. నా పిల్లలకు ఇక మామయ్య లేడు.”

“రాజీకి మన పందిని తీసుకెళ్దాం,” అన్నాడు ఆగస్ట్, ఈసారి వేళాకోళం లేకుండా. “ఉన్న ఒక్కటీ ఇచ్చేద్దాం. మొక్కలు పోతే పోయాయి. నువ్విలా ఉంటే నేను చూడలేను.”

ఆ పందికి రాయబారం అంటే ఇష్టం లేదు. కాళ్లు కట్టబోతే ఆగస్ట్‌ని బురదలో పడేసి, తాడు ఈడ్చుకుంటూ తోటలోకి దూసుకుపోయింది. వరసగా పాతిన కర్రలు పడిపోయాయి. ఆఫీసరు తనకు తెలియకుండానే బండి దిగి, “గుంతల వైపు పోనివ్వకండి!” అని పరిగెత్తాడు. పంది అందరినీ వెంటేసుకుని సందులో పడి, పాతిన కర్ర పక్కనుంచి, కట్టిన ఆకు కిందనుంచి, ఏ మాత్రం తటపటాయించకుండా ఊళ్లోకి వెళ్లిపోయింది. పొద్దుట్నుంచీ ఊరందర్నీ ఆపేసిన ఆకు, ఆపవలసిన ఒక్క ప్రాణినీ ఆపలేకపోయింది.

వెనకాల వస్తున్న మనుషులు మాత్రం ఆకు దగ్గర ఆగిపోయారు. అందరికన్నా ముందు ఆగిన బెనెడిక్టా ఆ ముడి వంక చూసింది. నీలం పీలిక. తన జాకెట్టుదే. పొద్దున తాను తొందరలో వేసిన ముడి, సగం ఊడి వేలాడుతోంది.

“ఓరి దేవుడా,” అంది.

“ఏంటి? ఇంకో ఆకా?” అన్నాడు ఆగస్ట్.

“కాదయ్యా. ఇది నాది.”

“నీదేంటే?”

“నేనే కట్టాను. పొద్దున. పందులకి.”

ఆగస్ట్ మొహం మీది బురద తుడుచుకున్నాడు. “మరి దారికి కట్టింది?”

“నేను దారికి కట్టలేదు! పందుల సందుకి కట్టాను!”

“పిచ్చిదానా, ఊరంతా నడిచేది ఈ సందులోనేగా!”

ఆఫీసరు దగ్గొచ్చినట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు. బెనెడిక్టాకు నేల చీలిపోతే బాగుండుననిపించింది. ఊరందరూ అన్నయ్య మీద నింద వేశారు. తానూ వేసింది. ఇప్పుడు ఆయన మొహం ఎలా చూడాలి? అయినా పెద్ద రోడ్డు చుట్టూ తిరిగి వెళ్లక తప్పదు. పంది అప్పటికే ఆయన పెరట్లో చేరి ఆయన చామదుంపలు పెకలిస్తోంది.

కాస్పర్ వసారాలో కూర్చుని ఉన్నాడు. ఒళ్లో చేపల బుట్ట. చుట్టూ సగం ఊరు. బెనెడిక్టా మెట్ల కింద నిలబడి, ఒక్క ఊపిరిలో చెప్పేసింది. “అన్నయ్యా, ఆకు నువ్వు కట్టలేదు. నేనే కట్టాను. పందులు వస్తాయేమోనని. ముడైనా సరిగ్గా వెయ్యలేదు. నాకు బుద్ధి లేదు. నీ మీద పడిన మాటలన్నీ నావల్లే.”

పెరట్లో నవ్వులు పేలాయి. సబీనా కింద కూర్చుని మరీ నవ్వింది. కానీ వంశంలో పెద్దావిడ రొసాలియా పెద్దమ్మ నవ్వలేదు. కర్ర నేల మీద కొట్టింది.

“నవ్వుతారేంటర్రా? ఇది మొదటిదానికన్నా చెడ్డ చిక్కు. ఆ దారికి ఆకు కట్టే హక్కు దీనికి లేదు. హక్కు లేకుండా కట్టినవాళ్లు విప్పకూడదు. హక్కున్నవాడు కట్టలేదు. కట్టనివాడు విప్పకూడదు. మరి ఎవరు విప్పుతారు దాన్ని?”

నవ్వులు ఆగిపోయాయి. నిజమే. అమ్మమ్మల కాలం నుంచీ అదే పద్ధతి.

“అంటే ఎవరూ విప్పలేరా?” అన్నాడు ఆఫీసరు, సగం మొక్కలతో రోడ్డు మీద నిలబడ్డ లారీని తలుచుకుంటూ.

“వంశం అంతా మళ్లీ కూర్చోవాలి. అందర్నీ పిలవాలి. కింబే పట్నంలో ఉన్నవాళ్లు రావాలి. పెద్ద విందు చెయ్యాలి,” అంది పెద్దమ్మ.

అప్పటికి మొక్కలు పక్క ఊరి నేలలో వేళ్లు పట్టేసి ఉంటాయి. బెనెడిక్టా మెట్టు మీద కూలబడిపోయింది. ఇంతకాలం ఏదో అవుతుందేమోనని భయపడింది. ఇవాళ అన్నీ తన చేతులతోనే చేసిపెట్టింది. “మొక్కలు పోతే పోనీ అన్నయ్యా,” అంది, కళ్లు తుడుచుకుంటూ. “ఒక్కసారి నాతో మాట్లాడు. తిట్టు పోనీ.”

పెరట్లో పంది దుంప నములుతున్న చప్పుడు వినబడుతోంది. కాస్పర్ బుట్ట పక్కన పెట్టాడు. పైకప్పు వంక చూడలేదు, చెల్లెలి వంకే చూశాడు. పొద్దున్నుంచీ దుంపల పొగలో నలిగి, బురదకొట్టుకుపోయిన ఆ మొహాన్ని చాలాసేపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. వాడక ఎన్నాళ్లో అయిన తలుపులా మొదట మాట పెగల్లేదు. మళ్లీ సవరించుకున్నాడు.

“ఆ ఆకు కట్టింది నేనే,” అన్నాడు. “పొద్దున్నే కళ్లు సరిగ్గా ఆనక ముడి అంత అధ్వాన్నంగా వచ్చింది. పదండి, విప్పుతాను.”