ఎలీషా గుండె ఆగింది

ఆ రోజు పొద్దున యూనివర్సిటీలో పరిశోధన చేసే సుధీర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తార్నాక నుంచి వచ్చే ఎలీషా ఛాతీకి బెల్టు కట్టాలి, చేతికి గడియారం పెట్టాలి, కబడ్డీ ఆడించాలి, ఆపైన టిఫిన్ తినాలి. బెల్టు గుండె చప్పుడు పట్టుకుంటుంది, మూరెడు దూరంలోపే ఉండాల్సిన గడియారం దాన్ని దాచుకుంటుంది, కంప్యూటరు గీతగా గీస్తుంది. తొంభైల్లో క్యాంపస్ క్యాంపసంతా నోరు తెరుచుకుని చూసిన వింత అది.

ఎలీషాకు మాత్రం ప్రాణసంకటం. హబ్సిగూడ ఫ్యాక్టరీ జట్టులో అందరికంటే పెద్దవాడు అతనే. ఈ పరీక్ష చూసి జట్టులోంచి ఒకరిని తీసి ఆఫీసు పనిలో వేస్తానని మేనేజరు వెంకటసుబ్బారావు చెప్పేశాడు. పాపం, ఎలీషాకు ఆట తప్ప ఇంకోటి చేతకాదు.

సుధీర్ ఇలా కంప్యూటరు గదికి వెళ్లాడో లేదో, కోచ్ దానయ్య వచ్చి ఎలీషా మీద పడ్డాడు. "కబడ్డీల చేతికి గడియారమేంది? పట్టుకునేటోళ్ల చేతులు కోసుకపోవా? ఇటియ్యి!" అని లాక్కొని జేబులో వేసుకున్నాడు. సుధీర్ తెచ్చిన పెట్టెలో మిగిలిన రెండో బెల్టును అప్పటికే ముచ్చటపడి తన చొక్కా కింద కట్టుకుని ఉన్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆట అయ్యాక దానయ్య తిరిగిచ్చిన గడియారాన్ని కంప్యూటరుకు పెట్టి, గీత చూసిన సుధీర్‌కు ఒళ్లు జలదరించింది. కూతకు వెళ్లినప్పుడు కూడా గుండె నిమిషానికి అరవై నాలుగే!

"మనిషి కాదు సార్, మహర్షి!" అని మేనేజరుకు ఫోన్ చేశాడు. మర్నాడు మేనేజరు కారేసుకుని వచ్చాడు. ప్రొఫెసర్లు వచ్చారు. ఎలీషా మళ్లీ ఆడాడు. ఒకే కూతలో ముగ్గురిని ఔట్ చేసి వచ్చాడు. అందరూ కంప్యూటరు ముందు మూగారు. సరిగ్గా ఆ కూత దగ్గర గీత సున్నాకు పడిపోయింది.

"గుండె ఆగిపోయినా పాయింట్లు తెచ్చాడయ్యా!" అని మేనేజరు రెండు చేతులూ జోడించాడు. ఎలీషా భయంతో తన ఛాతీ తడుముకున్నాడు.

"ఆగలే సార్," అన్నాడు దానయ్య, గోక్కుంటూ. "దురద పెడితే బెల్టు ఇప్పేసిన."

"మరి నిన్నటి గీత?" అన్నాడు సుధీర్.

"నిన్న, ఇయ్యాల గడియారం నా జేబుల్నే ఉండె. నాదే అయ్యుంటది."

ఎలీషా మొహం పాలిపోయింది. "అయితే పోయేది నేనేనా సార్?"

మేనేజరు వినిపించుకుంటే కదా! ఆయన దానయ్యనే కళ్లప్పగించి చూస్తున్నాడు. "నిన్న గ్రౌండు దద్దరిల్లేలా తిట్టావట. కుర్చీ కూడా విసిరావట!"

"తిట్టుడు డ్యూటీ సార్. గుండెకేం సంబంధం?"

మేనేజరు అన్న మాట ప్రకారం జట్టులోంచి ఒకరినే తీశాడు. సోమవారం నుంచి జీతాల గొడవ మీద యూనియన్ వాళ్లతో మాట్లాడే కుర్చీలో దానయ్య కూర్చున్నాడు.