సోర్సు కోడుకి పట్టుబట్ట

విజయవాడ పురప్రజలకు సవినయంగా తెలియజేయునది ఏమనగా, 2005 శ్రావణంలో ఒక బుధవారం, పదీ పన్నెండు నిమిషాల శుభముహూర్తాన, వేణి సాఫ్ట్‌వేర్స్ వారు తమ సోర్సు కోడును లోకానికి తెరిచేశారు. కంప్యూటర్లో తెలుగు టైపు చేసే 'వేణి' అనే సాఫ్ట్‌వేరు అమ్మడంలో కోస్తా మొత్తానికీ పెద్ద కంపెనీ అది. సోర్సు కోడంటే ఆ సాఫ్ట్‌వేరు ఎలా తయారైందో చెప్పే అసలు రాత. ఇన్నాళ్లూ దాన్ని భవానీపురం ఆఫీసులో ఇనప్పెట్టెలో దాచారు. ఇకమీదట ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు, అది ఏ కంప్యూటర్లోనైనా నడుస్తుంది. ఈ మాట నమ్మనివాళ్లంతా ఆ రోజు భోజనాలకు రానివాళ్లే.

నేను వెళ్లాను. కంప్యూటర్ వినియోగదారుల సంఘం కార్యదర్శిని, వెళ్లకపోతే ఎలా? ముందు వరసలో కుర్చీ, పైగా సన్మానపత్రం చదివే బాధ్యత.

కంపెనీ అధినేత రామకోటేశ్వరరావు గారు ఏడేళ్ల కిందట ఇదే కల్యాణమండపంలో మైకు పట్టుకుని, "సాఫ్ట్‌వేరు కాపీ కొట్టేవాడు గొలుసు దొంగ కన్నా నీచుడండీ!" అన్నారు. అన్నవారు ఊరుకోలేదు. జీపులో మనుషుల్ని పంపి డీటీపీ షాపుల్లో సోదాలు చేయించారు. ఈసారి అదే మైకు పట్టుకుని, "విజ్ఞానం గాలి లాంటిదండీ! గాలికి తాళం వేస్తామాండీ?" అన్నారు. రెండుసార్లూ నేను చప్పట్లు కొట్టాను. పెద్దవాళ్ల మాటల్లో తేడాలు వెతకడం నాకు అలవాటు లేదు.

కోడు మొత్తాన్ని అచ్చువేసి, తొమ్మిది సంపుటాలుగా కుట్టించి, పట్టుబట్ట చుట్టి, సన్నాయి మేళంతో పల్లకీలో తెచ్చారు. వెనకాలే వెండి పళ్లెంలో సీడీ. పురోహితుడు దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరినీళ్లు చల్లాడు. మెరిసే వైపునే లెండి, అటైతే బొట్టు కనబడుతుందని. తర్వాత కంప్యూటర్లో పెడితే అది తెరుచుకోలేదు. తప్పు డ్రైవుదని వేదిక మీద ఏకగ్రీవంగా తీర్మానించారు.

వేదిక వెనక ఫ్లెక్సీ మీద లావుపాటి నలుపూ తెలుపూ పక్షి బొమ్మ వేశారు. సాఫ్ట్‌వేరు ఊరికే పంచేవాళ్ల గుర్తట, పెంగ్విన్. ముఖ్య అతిథి దాన్ని తేరిపార చూసి, "మన కొల్లేటి పక్షిని మర్చిపోని ఈ కంపెనీకి శిరసు వంచి నమస్కరిస్తున్నాను" అన్నారు. హాలు దద్దరిల్లింది.

తాంబూలంతోపాటు నిబంధనల కాగితం కూడా ఇచ్చారు. కోడు ప్రతి బుధవారం పదకొండు నుంచి ఒంటిగంట దాకా తెరిచే ఉంటుంది. చూడదలచినవారు గెజిటెడ్ అధికారి సంతకంతో రెండు ఫొటోలు తేవాలి. చూసింది బయట చెప్పబోమని హామీపత్రం రాసివ్వాలి. సాఫ్ట్‌వేరు ఏ కంప్యూటర్లోనైనా పనిచేస్తుంది, ఆ కంప్యూటరు కంపెనీ దగ్గరే కొనాలి. ఇంతకన్నా ఉదారంగా ఎవరుంటారు చెప్పండి!

అంతా సలక్షణంగా జరిగిపోయేదే. సభికులు ప్రశ్నలు అడగొచ్చని మాటవరసకు అన్నారు. నిజంగానే ఒకామె లేచింది.

"నా పేరు పేరమ్మండి. కొల్లేటి లంక నుంచొచ్చానండి. మా చేపల సొసైటీలో నాలుగొందల పన్నెండు మందిమండి. మా పేర్లు, కార్డు నంబర్లు ఈ స్టెల్లా దగ్గర మీ వేణిలోనే కొట్టించామండి. మొన్న వరదకి పెట్టెలో కాయితాలు, పుస్తకం తడిసి ముద్దయిపోయాయండి. ఇప్పుడు ఈ బిళ్లలో తప్ప మా పేర్లు ఎక్కడా లేవండి. ఎల్లుండి సాయంత్రంలోగా జాబితా ఇవ్వకపోతే మా చెరువు వేలంపాట పెట్టేస్తారంటండి. అన్నీ తెరిచేశామంటున్నారు గదా, ఇదొక్కటి తెరిచిపెట్టండి బాబూ."

పక్కనే సీడీ పట్టుకుని నిలబడింది స్టెల్లా. భవానీపురంలో డీటీపీ షాపు ఆమెది. జిల్లా మొత్తం మీద వేణిని డబ్బిచ్చి కొన్న షాపు అదొక్కటే. "దొంగ సాఫ్ట్‌వేరులో దేవుడి వాక్యం టైపు చెయ్యమంటారా అండీ?" అని అడిగేది, చర్చి కరపత్రాలు వేసేటప్పుడు. కొన్నవాళ్లకే కంపెనీ ఒక చిన్న తాళం ఇచ్చేది, కంప్యూటరు వెనక గుచ్చితేగానీ వేణి నడవదు. పోయిన నెల, తెరిచే సంబరంలో, ఆ తాళం వెనక్కి తీసుకుని, విరగ్గొట్టి, కొత్త వేణి ఇచ్చారు. కొత్త వేణిలో పాత జాబితా పెడితే పేరమ్మ పేరున్న చోట మూడు డబ్బాలు, ఒక ప్రశ్నార్థకం వచ్చాయి.

కంపెనీ చీఫ్ ఇంజినీరు శివాజీ మైకు అందుకున్నాడు. "మా కొత్త వేణి ప్రపంచంలో అన్ని సాఫ్ట్‌వేర్లతోనూ కలిసిపోతుందండి, పాత వేణితో తప్ప. పాతది మా కంప్యూటర్లలోనూ తీసేశామండి. అది రాసినాయన మాటామాటా వచ్చి మానేసి వెళ్లిపోయాడండి. ఆయన రాసిన ఆ తొమ్మిది సంపుటాలూ మాకెవరికీ అర్థం కావట్లేదు."

"మరి తెరవడం దేనికండీ?" అంది స్టెల్లా.

"అందుకేనమ్మా! ఎవరైనా చదివి మాకు చెబుతారని."

ఈ నిజాయితీకి కూడా చప్పట్లు పడ్డాయి.

స్టెల్లా మా వైపు తిరిగింది. "మీలో ఎవరి దగ్గరైనా పాత వేణి ఉంటే చెప్పండి. పది నిమిషాల పనండీ. ప్రింటు తీసుకుని వెళ్లిపోతాం."

నాలుగొందల మందిమి ఉన్నాం. తాళం అక్కర్లేకుండా చేసిన పాత వేణి అందరి ఇళ్లలోనూ ఉంది. కానీ వేదిక మీద రామకోటేశ్వరరావు గారు, ఆయన పక్కన ఒకప్పుడు జీపులో వచ్చిన పెద్దమనిషి, ఏ చెయ్యి లేస్తుందా అని ఆసక్తిగా చూస్తున్నారు. ఒకాయన ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాడు. ఇంకొకాయనకు చెప్పు తెగింది. స్టెల్లా నా ముందుకొచ్చి, "సార్, మీరు కార్యదర్శి కదా, మీ దగ్గరుంటుందేమో" అంది.

"రామరామ! మనది చట్టానికి కట్టుబడ్డ సంఘం తల్లీ" అన్నాను.

పేరమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "పోనీలే పిల్లా, పద" అని స్టెల్లా చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

వాళ్లిద్దరూ ఆ రెండు రోజులూ లంకల వెంట ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకున్నారు. ఇళ్ల దగ్గర లేనివాళ్లు వరదకి కూలి వెతుక్కుంటూ ఎటెటో పోయారు. గడువుకి రెండొందల డెబ్భై ఒక్క పేర్లే దొరికాయి. అందరి పేర్లూ లేని సొసైటీకి చెరువివ్వడం కుదరదన్నారు ఆఫీసులో. పాట పెట్టారు. పైఊరి కాంట్రాక్టరు పాడుకున్నాడు. ఇప్పుడు పేరమ్మా వాళ్లూ అదే చెరువులో ఆయన వలలు లాగి రోజుకూలి తీసుకుంటున్నారు. కంపెనీ వారు మాత్రం, కొత్త వేణిలో అన్నేసి పేర్లు టైపు చేసినందుకు స్టెల్లాకు ప్రశంసాపత్రం పంపారు. తెరిచిన తలుపులకు తొలి ఫలితమని దానిమీద రాశారు.

నాకు సిగ్గుగా ఉంది, దాచను. ఇదంతా నేను టైపు చేస్తున్నది పాత వేణిలోనే. పేరమ్మ అనే పేరు ఎంత చక్కగా కనబడుతోందో, ఒక్క డబ్బా లేదు, ఒక్క ప్రశ్నార్థకం లేదు.

నన్ను తిట్టాలనుందా? తిట్టండి, పడతాను. ముందు మీ వేణికి రసీదు చూపించండి. ఆ రోజు నా వెనక వరసలో తలొంచుకుని చెప్పు సరిచేసుకున్నది మీరే కదూ?