ఒరిజినల్ చూసి వాపసు ఇవ్వడమైనది

మనిషి పుట్టుకకు జనన ధ్రువపత్రం ఎంత ముఖ్యమో, మనిషి ఊహకు జిరాక్సు కాపీ అంత ముఖ్యం. ఈ మాట నేను గాలికి చెప్పడం లేదు. నంద్యాలలో జిల్లా బాల సృజన పర్యవేక్షణ విభాగం గేటుకు ఎదురుగా ఇరవై రెండేళ్లుగా జిరాక్సు షాపు నడుపుతున్న సాయినాథ్ హోదాలో చెబుతున్నాను. (ఈ ఇరవై రెండేళ్లలో ఆ గేటు మీద బోర్డు నాలుగుసార్లు మారింది. లోపలి కుర్చీలు మాత్రం అవే.)

ఈ ఎండాకాలం సదరు విభాగం ఒక ఆందోళనకరమైన సంగతి కనిపెట్టింది. జిల్లాలో పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు ఊహలు వస్తున్నాయి. అవి ఎవరి అనుమతీ లేకుండా వస్తున్నాయి. వెంటనే ఆళ్లగడ్డ హైస్కూల్లో పదకొండు రోజుల శిబిరం మంజూరైంది. కామిక్ బొమ్మలు వేయడం, ఎవరినీ కాపీ కొట్టకుండా సొంత పాత్రలను పుట్టించడం నేర్పాలి. చివర్లో పిల్లల పాత్రలన్నీ, కింద వాళ్ల వాళ్ల పేర్లతో, ఒక పుస్తకంగా అచ్చు వేస్తారు. నలభై ఒక్కమంది పిల్లలకు నలభై ఒక్క పెన్సిళ్లు, ఒక రబ్బరు ఇచ్చారు. (తప్పులు అందరూ కలిసి చేసుకోవాలని ఉద్దేశం కావచ్చు.)

నేర్పింది డ్రాయింగు సారు ప్రేమ్ సాగర్. మంచివాడు. అంటే, ప్రమోషన్ రానివాడు. రాళ్లు చెక్కే ఉలి మోత వింటూ పెరిగిన ఆళ్లగడ్డ పిల్లలకు ముక్కు ఎక్కడ మొదలవ్వాలో ఒకరు చెప్పనక్కర్లేదు కాబట్టి, ఆయన నేరుగా అసలు విషయంలోకి దిగాడు.

"హీరో అంటే కండలు కాదురా. యాదో ఒకటి తక్కువైనోడు. ఆ తక్కువ ఏందో ముందు గీయండి," అన్నాడు మొదటి రోజు. "బొమ్మను మొత్తం నల్లగా పూసేసినా చూస్తానే ఎవరో తెలిసిపోవల్ల," అన్నాడు ఐదో రోజు. చివరి రోజు మాత్రం ఒక పొరపాటు మాట అన్నాడు. "బొమ్మను నల్ల ఇంకుతో దిద్దండి. పేరు మాత్రం పెన్సిలుతోనే రాయండి. అచ్చయినంక ఇంకుతో దిద్దుకోండి. ముందే సంతకం పెడితే చేతికి పొగరొస్తాది."

జెస్సీకి పద్నాలుగేళ్లు. తొమ్మిదో తరగతి. ఆ పిల్ల పుట్టించిన పాత్ర పేరు ఒంటిచెప్పు జయమ్మ. జయమ్మ అంటే వాళ్లమ్మే. శనగ కోతలకు పోయే మనిషి. పోయినేడు రేషన్ కార్డులో ఒక అక్షరం దిద్దించుకోవడానికి ఇదే నంద్యాలలో క్యూలో నిలబడింది. మూడో గంటలో చెప్పు తెగింది. పక్కకు పోయి కుట్టించుకుంటే వరస పోతుంది. అందుకని తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, ఒక కాలు చెప్పులో, ఒక కాలు ఎండలో పెట్టి, సాయంత్రం దాకా నిలబడింది. జెస్సీ సరిగ్గా అదే గీసింది. ఒక కాలికి చెప్పు, ఒక కాలు బోడి, రెండో చెప్పు చేతిలో. నోటి పక్కన ఒకే ప్రశ్న: "ఎందుకప్పా?" ఆ ప్రశ్న విన్నవాడు ఎంతటివాడైనా నిజం చెప్పి తీరాలి. అదీ ఆమె శక్తి.

"కింద నా పేరుంటే చాలు సార్," అందట జెస్సీ. "మా అమ్మకు సదవను రాదు. గుడి పాటల పుస్తకం మీద నా పేరు రాసినా, గుర్తుకని. ఆ ఒక్క పేరు మాత్రం చూస్తే గుర్తుపడ్తాది."

ఇంతలో విభాగం నుంచి ఆదేశం వెలువడింది. 'ప్రతి బాలుడు/బాలిక తమ ఒరిజినల్ క్యారెక్టర్ ఒకటి, రెండు సెట్ల జిరాక్సుతో, శనివారం సాయంత్రం ఐదు గంటలలోగా సమర్పించవలెను.'

మన జిల్లాలో తల్లిదండ్రులు అనుభవజ్ఞులు. ఒరిజినల్ అన్న మాట, జిరాక్సు అన్న మాట ఒకే వాక్యంలో కనిపిస్తే ఏం చేయాలో వాళ్లకు తెలుసు. నలభై మంది హెడ్‌మాస్టరు దగ్గరికి పరుగెత్తి, పిల్లల ప్రవర్తన సంతృప్తికరం అని క్యారెక్టర్ సర్టిఫికెట్లు తెచ్చారు. ఎనభై కాపీలు నేనే తీశాను. సూపరింటెండెంట్ మహానందయ్య నలభై క్యారెక్టర్లనూ తనిఖీ చేసి, ఇంత ఒరిజినల్ పిల్లలను తన సర్వీసులో చూడలేదని మెచ్చుకుని, అన్నీ ఆమోదించాడు. పిల్లలు గీసిన బొమ్మలు ఇళ్లలోనే ఉండిపోయాయి.

బొమ్మ తెచ్చింది జెస్సీ ఒక్కతే. శనివారం పొద్దున పదిన్నరకు ప్రేమ్ సాగర్ సారు వెంట ఉన్నాడు. నేను లెడ్జరు కాపీలు ఇవ్వడానికి లోపలే ఉన్నాను కాబట్టి ఇది కళ్లారా చూసింది.

"ఇదేందీ?" అన్నాడు మహానందయ్య.

"క్యారెక్టర్ సార్," అంది జెస్సీ.

"ఇది బొమ్మ. క్యారెక్టర్ యాడ?"

"సార్, క్యారెక్టరంటే పాత్ర," అన్నాడు డ్రాయింగు సారు. "పిల్ల సొంతంగా పుట్టించింది."

"పుట్టించింది సరే. పుట్టినదాని నడవడిక బాగుండాదని ఎవురు రాసిచ్చినారు?" అని మహానందయ్య బొమ్మను దూరంగా పెట్టి చూశాడు. "చేతిలో చెప్పు పట్టుకోనుంది. దీని ప్రవర్తన సంతృప్తికరం అని నేనెట్ల రాసేది?"

తర్వాత ఆయన దయతలచి కొన్ని సవరణలు సూచించాడు. రెండో చెప్పు కాలికి తొడగాలి. నోరు మూయాలి. ఖాళీ అయిన చేత్తో నమస్కారం పెట్టించాలి. జడలో పూలు పెడితే ఇంకా మంచిది. (నోరు మూసి నమస్కారం పెట్టే వీరనారి మన ఆఫీసులకు నిజంగానే కొత్త కాదు.)

"అప్పుడామె ఆమె కాదు సార్," అంది జెస్సీ.

మహానందయ్యకు అనుమానం వచ్చింది. "ఆమె అంటే ఎవురు? దేన్ని చూసి గీసినావు?"

ఆ పిల్లకు అబద్ధం నేర్పలేదు ఎవరూ. "మా అమ్మను చూసి సార్."

"అద్గదీ! చూసి గీసినావంటే ఇది కాపీ. కాపీ తెస్తే ఒరిజినల్ చూపించల్ల. రూలు. ఐదులోపల ఒరిజినల్‌ను తీసుకరా. లేదంటే నీ పేరు కొట్టేస్తా."

డ్రాయింగు సారుకు కోపం వచ్చింది. వచ్చినదాన్ని కాంట్రాక్టు ఉద్యోగి కాబట్టి మింగేశాడు. బయటికొచ్చి నా షాపు ముందు నుంచే ఆళ్లగడ్డకు ఫోన్ చేశాడు. చేలో ఉన్న జయమ్మకు కబురు అందేసరికి రెండు దాటింది. కొడవలి పక్కనామెకిచ్చి, అట్లే బస్సెక్కింది.

ఐదుకు ఇరవై నిమిషాలుందనగా దిగింది. చూద్దామని షాపు వదిలి నేనూ వెంటపోయాను. ఆఫీసు గుమ్మం దగ్గర 'చెప్పులు బయట విడవవలెను' అని బోర్డు. చెప్పుల విషయంలో నంద్యాలను ఒకసారి నమ్మి చెడిన మనిషి. ఈసారి రెండూ విడిచి, రెండూ చేత్తో పట్టుకునే లోపలికి పోయింది. చేతిలో చెప్పులతో ఒక ఆడమనిషి నేరుగా తన బల్ల వైపు వస్తుంటే మహానందయ్య కుర్చీలోంచి లేచాడు. సర్వీసులో ఒక సామాన్యురాలికి ఆయన లేచి నిలబడడం అదే మొదటిసారి.

"ఎవరమ్మా నువ్వు?"

"నేనే అప్పా ఒరిజినలు. ఏం చూడల్లనో బేగా చూడు. ఐదున్నరకు బస్సుండాది." అని కూతురి వైపు చూసింది. పొద్దుటి నుంచి నిలబడి పిల్ల మొహం వాడిపోయి ఉంది. "ఇంత చిన్న పనికి పిల్లను దినమంతా నిలబెట్టినారు. ఎందుకప్పా?"

మహానందయ్య నోరు తెరిచాడు. "మాకూ తెల్దమ్మా. పైనుంచి అట్ల రాసినారు," అన్నాడు. ఆ ఆఫీసులో ఇరవై రెండేళ్లలో నేను విన్న నిజం అదొక్కటే.

ఆ తర్వాత పని చకచకా సాగింది. బొమ్మ కింద, జెస్సీ పెన్సిలుతో రాసుకున్న పేరు పక్కన, 'ఒరిజినల్ చూసి వాపసు ఇవ్వడమైనది' అని ముద్ర పడింది. దాని కింద ఆకుపచ్చ ఇంకుతో సంతకం, పూర్తి పేరు, హోదా. ఒరిజినల్‌ను, అంటే జయమ్మను, వాపసు ఇచ్చారు.

ఇక రెండు సెట్ల జిరాక్సు మిగిలింది. ఐదుకు ఎనిమిది నిమిషాలు. జెస్సీ నా వెనకే షాపుకు పరుగెత్తుకొచ్చింది. నా ముందు పదిహేను మంది క్యూ. పిల్ల మీద జాలితో మధ్యలో తీసిచ్చాను. కాపీలో బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది. ముద్ర వచ్చింది. సంతకం, హోదా వచ్చాయి. పెన్సిలు రాత రాలేదు. పెన్సిలు రావాలంటే డార్క్ బటన్ నొక్కి మళ్లీ తీయాలి. ఇది నాకు ఇరవై రెండేళ్లుగా తెలుసు. ఆ రోజూ తెలుసు. కానీ వెనక జనం అరుస్తున్నారు. పిల్ల చేయి చాపింది. ఇచ్చేశాను.

రెండు నెలలకు పుస్తకం వచ్చింది. 'నంద్యాల జిల్లా ఒరిజినల్ క్యారెక్టర్లు.' నలభై పేజీల్లో నలభై ప్రవర్తనా ధ్రువపత్రాలు, మంచి ఆర్టు పేపరు మీద. నలభై ఒకటో పేజీలో ఒంటిచెప్పు జయమ్మ, నోరు తెరుచుకుని, చెప్పు పట్టుకుని. ప్రెస్సుకు పోయింది కాపీ. కాపీ మీద ఏ పేరుంటే ఆ పేరే అచ్చయింది. 'రూపకర్త: మహానందయ్య, సూపరింటెండెంట్.' ఆవిష్కరణ సభలో ఆయనకు శాలువా కప్పారు. పిల్లల సహకారం కూడా మరువలేనిదని ఆయన సవినయంగా చెప్పుకున్నాడు.

దిద్దించుకోవడానికి మార్గం లేకపోలేదు. దరఖాస్తుకు ఒరిజినల్ బొమ్మ జతచేయాలి. ఒరిజినల్ బొమ్మ ఆఫీసు ఫైల్లో ఉంది. అది బయటికి రావాలంటే, గీసింది తనేనని రుజువుగా కాపీ చూపించాలి. కాపీ మీద పేరు మహానందయ్యది.

నిన్న ఆ దరఖాస్తు జిరాక్సు కోసం తల్లీకూతుళ్లు నా షాపుకు వచ్చారు. జయమ్మ పుస్తకం తెరిచి, బొమ్మ కింద అక్షరాల మీద వేలు పెట్టి, మెల్లగా జరుపుతూ పోయింది.

"నీ పేరు ఇంత పొడుగుండాదా పాపా?"

జెస్సీ నేల చూసింది. జయమ్మ వేలు అక్కడే ఉంచి, తలెత్తి, మెషీన్‌ను చూసి, నన్ను చూసింది.

"నా కూతురి పేరు పడలేదు. ఎందుకప్పా?"

వెనక క్యూ ఉంది.

"ఎన్ని సెట్లమ్మా?" అని అడిగాను.