పదికి పది వచ్చిన బూటు

కరిచే బూటును మించిన గురువు లోకంలో లేడు. ఈ మాట నమ్మని పాఠకులు ఒక్కసారి పరుగుపందేలకు పేరుపడ్డ మా ఇటెన్ కొండ మీదికి దయచేయండి. ఇక్కడ తెల్లవారీ తెల్లవారకముందే ఎర్రమట్టి దారిలో మూడు వందల జతల బూట్లు పరుగెత్తుతాయి. వాటి లోపల కాళ్ళు కూడా ఉంటాయి కాని, వాటి క్షేమం విచారించిన కంపెనీ ఇంతవరకు లేదు.

బూటుకు బూటుకు తేడా చెప్పే అర్హత ఈ ఊరికి కాక మరెవరికుంది? కంపెనీల పేర్లు రాయడం నాకు సమ్మతం కాదు, రంగులు చాలు.

ఆకుపచ్చ కంపెనీ బూటు మెత్తదనంలో సాటిలేనిది. తొడుక్కుంటే మొక్కజొన్న పిండితో వండిన వేడివేడి ఉగాలి ముద్ద మీద నిలబడినట్లుంటుంది. రెండో నెలకు ఆ ముద్ద చల్లారి గడ్డకడుతుంది. నీలం కంపెనీ బూటు మడమను చంటిబిడ్డ తలను పట్టినంత పదిలంగా పడుతుంది. అయితే దాని వెలకు మా సంతలో రెండు గొర్రెలు వస్తాయి. గొర్రెలు ఏటా ఈనుతాయి, బూటు ఈనదు! అందుకే మావాళ్ళు శనివారం సంతలో, పరదేశులు తొడిగి వదిలేసిన గుట్టలో దాన్ని వెతుక్కుంటారు.

ఇక నారింజ కంపెనీ బూటు. అది ఉచితంగా వస్తుంది. అది కరుస్తుంది.

దాని వల్ల కలిగే మేళ్ళు ఎన్నని చెప్పను? తొడిగిన ఆడపిల్లకు కాలిగోళ్ళు కత్తిరించుకునే శ్రమ ఉండదు, వాటంతట అవే రాలిపోతాయి. ప్రార్థన మరిచిన వారికి అడుగడుగునా దేవుడు గుర్తుకు వస్తాడు. కాన్వెంటులో పదేళ్ళు మోకరిల్లితే గాని అబ్బని ఓర్పును ఈ బూటు పది కిలోమీటర్లలో నేర్పుతుంది. ఇంతటి విద్యకు రుసుము అడగకపోవడం దాతృత్వం కాక మరేమిటి?

ఈ విద్యను అందరికంటే శ్రద్ధగా అభ్యసించినది పర్పెటువా జెసాంగ్. వయసు ముప్పై ఒకటి. నారింజ కంపెనీ పోషణలో ఉన్న పదకొండు మంది ఆడవాళ్ళలో ఆమె ఒకతె. గది అద్దె, మొక్కజొన్న పిండి, బూట్లు కంపెనీవి. పాదాలు మాత్రం సొంతవి.

ఏటా కంపెనీ తరఫున గ్రెగర్ అనే యువకుడు విమానం దిగి వచ్చి ఒక కాగితం పంచుతాడు. అందులో మూడు గడులు: సుఖం, ఆసరా, డబ్బుకు తగిన విలువ. ఒక్కోదానికి పదికి ఎన్ని మార్కులో వేయాలి. నిరుడు ఆ కాగితం చేతికి వచ్చినప్పుడు పర్పెటువా మేజోడు బొటనవేలి దగ్గర నెత్తురుతో అట్టకట్టి ఉంది. ఆమె దాని వంక ఒకసారి చూసి, సుఖానికి పది వేసింది. ఊరికే వచ్చిన ఆవు పళ్ళు లెక్కపెట్టరాదన్న నీతిని మా ఇళ్ళలో పాలతో కలిపి తాగిస్తారు. ఆసరాకూ పదే వేసింది. పైసా పెట్టని దానికి విలువ తక్కువని ఎలా అనగలదు? అక్కడా పదే. తక్కిన పదిమందీ అదే పని చేశారు.

పదికి పది వచ్చిన బూటును మార్చే మూర్ఖుడు ఉంటాడా? కంపెనీ మార్చలేదు.

ఇంతలో మా దగ్గరి పట్నం ఎల్డొరెట్‌లో జాతీయ జట్టు ఎంపిక పరుగు వచ్చిపడింది. ఇరవై ఒక్క కిలోమీటర్లు. మొదటి ముగ్గురికే చోటు. ఆ వయసులో పర్పెటువాకు ఇంకొక ఎంపిక దక్కుతుందన్న ఆశ లేదు. ఆమె దగ్గర సంతలో కొన్న నీలం బూట్లు ఉన్నాయి, కాలికి అమరినవి. కాని పోటీలో వేరే కంపెనీ గుర్తు కనిపిస్తే పోషణ రద్దవుతుందని ఒప్పందంలో రాసి ఉంది. ఆమె తోటి పరుగుగత్తె లియోనిదాను వెంటబెట్టుకుని, ఆ పరుగు చూడటానికి వచ్చి ఉన్న గ్రెగర్ దగ్గరికి వెళ్ళింది.

"తమ్ముడూ, ఈ ఒక్క ఆదివారం నా పాత బూట్లతో పరుగెత్తనీ. మీ బూట్లతో పద్నాలుగో కిలోమీటరు దాటితే కాలు నాది కాకుండా పోతోంది."

"అదేంటి పర్పెటువా? సుఖానికి పది వేశావుగా. ఇదిగో నీ సంతకం."

"అది మర్యాదకి వేశాను."

"ఇందులో మర్యాదకి గడి లేదే."

"లేకనే కదా, ఉన్న మూడింట్లో పోశాం," అంది లియోనిదా. "అది సరేగాని తమ్ముడూ, ఈ ఆడవాళ్ళ బూటుని ఏ ఆడదాని కాలు చూసి కుట్టారు?"

గ్రెగర్ అబద్ధమాడే రకం కాదు. "మగవాళ్ళదే. కొంచెం చిన్నది చేశాం. లేసులు గులాబీ రంగువి వేశాం."

"ఎంత శ్రమపడ్డారు నాయనా," అంది లియోనిదా.

నిర్ణయం తన చేతిలో లేదని గ్రెగర్ చెప్పాడు. అతని చేతిలో ఉన్నది కాగితం ఒక్కటే, అందులో పదులే ఉన్నాయి.

మరునాడు ఉదయం ఆడవాళ్ళు అలవాటు చొప్పున దారిన పడ్డారు. ముందు ఒక పరదేశి రొప్పుతూ పరుగెత్తుతున్నాడు. చూస్తే గ్రెగర్! అతని రెండు బూట్లకూ పక్కలంటా నల్లటి టేపు చుట్టి ఉంది. లియోనిదా చులాగ్గా పక్కకు చేరింది.

"కాలికి దెబ్బ తగిలిందా తమ్ముడూ? బూటుకి కట్టు కట్టావు."

అతను వేగం పెంచబోయాడు. ఎడమ బూటు మీద టేపు కొస లేచి ఉంది. దాని కింద నీలం కంపెనీ గుర్తు పట్టపగలు చంద్రుడిలా తొంగిచూస్తోంది. కంపెనీ జీతం తినేవాడి కాళ్ళు కూడా ఓటు వేరే చోట వేశాయి!

పర్పెటువా అతని రెండో పక్కకు చేరింది. అడుగు కలిపి, మెల్లగా అడిగింది.

"ఆ టేపు ఎక్కడ కొన్నావు?"

గ్రెగర్ ఆగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, లేచిన టేపు కొసను వేలితో అదిమాడు. "బస్సులు ఆగే చోట, ఇనప సామాన్ల షాపులో," అన్నాడు.

ఆదివారం పర్పెటువా కాళ్ళ మీద నల్లటి టేపు తప్ప ఏ కంపెనీ గుర్తూ కనిపించలేదు. ఒప్పందానికి మచ్చ పడలేదు. పద్నాలుగో కిలోమీటరు వచ్చింది, పోయింది. ఆమె మూడో స్థానంలో గీత దాటి జట్టులో చేరింది. నారింజ కంపెనీ ఆమె ఫొటోను దారి పక్క బోర్డు మీదికి ఎక్కించింది. అందులో టేపు నారింజ రంగుకు తిరిగింది. కింద "ఆడవారి పదికి పది" అని రాశారు.

ఇందులో కంపెనీని నిందించి ఏం లాభం? ఇచ్చినదానికి వంక పెట్టరాదని ఆడపిల్లలకు బెత్తం పట్టి నేర్పినది మా తరం. బొబ్బను దాచుకోవడం కూడా వినయమేనని చెప్పినది మేమే. ఆ పాఠాన్ని ఈ పత్రికాముఖంగా ఉపసంహరించుకుంటున్నాను.

ఈ ఏడు మళ్ళీ మనిషికి మూడు జతల బూట్లు వచ్చాయి. వాటితో పాటు కాగితమూ వచ్చింది. పర్పెటువా సుఖం గడిలో ఒకటి వేసి, చక్కగా సంతకం చేసి ఇచ్చింది.

గ్రెగర్ దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. "ఒకటి పక్కన సున్నా మరిచిపోయావు."

"మరవలేదు తమ్ముడూ. మా కాళ్ళు మీరు ఎన్నిసార్లు కొలిచారని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆ సున్నా దాచి ఉంచాను."