ఉత్తమ విలన్‌కు ఎర్ర శాలువా

ఊరన్నాక ఒక మంచి విలన్ ఉండాలి. హీరోలు లేకపోయినా ఊళ్లు ఎలాగోలా గడిచిపోతాయి. విలన్ లేని ఊళ్లో రోడ్డుకు తారు పడదు, వినాయకుడికి పందిరి లేవదు, పెళ్లిళ్లకు పెద్ద కార్లు రావు. నమ్మకపోతే బళ్లారికి రండి. బస్సు దిగిన కాసేపటికే ఇనుప గనుల దుమ్ముకు మీ చొక్కా ఎర్రబడుతుంది. అది మా ఊరు అతిథులకు చేసే మర్యాద.

ఈ సత్యం నాకు మా అమ్మాయి మనోజ్ఞ వల్ల తెలిసింది. డిగ్రీ చదువుతోంది. హైస్కూల్లో ఉన్నప్పటి నుంచి జపాను వాళ్ల బొమ్మల కథ ఒకటి పట్టుకుంది. సముద్రపు దొంగల కథ. కౌల్ బజార్ నెట్ సెంటర్లో కూర్చుని చదువుతుంది. పిల్ల పెద్దదైంది, నెట్ సెంటర్ చేతులు మారింది, ఆ ఓడ మాత్రం ఇంకా ఒడ్డు చేరలేదు.

ఒక ఆదివారం, ఆ కథలోని విలన్లలో ఎవరు గొప్ప అని ఇంట్లో చర్చ పెట్టింది. పత్రికల్లో పక్షపాతం లేకుండా అందరినీ తిడుతూ వచ్చినవాణ్ణి, జడ్జిగా నేను కాక ఇంకెవరు పనికొస్తారు? గెలిచినవాడికి సన్మానం కూడా చేద్దామన్నాను. వెంటనే శాలువా కొనడానికి వెళ్లాను. తెల్లది అడిగితే షాపాయన నన్ను జాలిగా చూసి ఎర్రది తీశాడు.

"ఎట్లయినా ఎర్రగానే అయితాది కదా సార్, ఇదే తీస్కోండి" అన్నాడు.

ఇక పోటీకి వద్దాం. మొదటివాడు తుప్పుపళ్ల కెప్టెన్. ఏ ఘోరం చేయాలన్నా ముందు రెండు పేజీలు నవ్వుతాడు. ఇదేం విలనీ అండీ? మా గనులవాళ్లు నవ్వరు. మన షుగర్ ఎంతుందో అడుగుతారు. బెంగళూరులో మంచి డాక్టరున్నాడు, కారు పంపిస్తాం పోయి రండి అంటారు. అంటారేమిటి, పంపిస్తారు కూడా.

రెండోది దీవుల్ని మింగే రాణి. ఈవిడ ఒక దీవిని మింగాలంటే తుపాను రావాలి, ఉరుములు ఉరమాలి, సముద్రం రెండుగా చీలాలి. ఎంత హంగామా! మావాళ్లు కొండను మింగేటప్పుడు ఆకాశంలో మబ్బు తునక కూడా కనిపించదు. కిందటేడు బస్సు కిటికీలోంచి చూసిన కొండ ఈ ఏడు కొంచెం కురచగా కనిపిస్తుంది. కళ్లజోడు మార్చుకోవాలేమో అనుకుని ఇంటికొచ్చి అన్నం తింటాం.

మూడోవాడు తెల్ల గ్లవ్స్ దొర. హీరోను కట్టేసి, తన ప్లానంతా మొదటి నుంచి విడమరిచి చెబుతాడు. ఆ ఉపన్యాసం పూర్తయ్యేలోపు హీరో కట్లు విప్పుకుంటాడు. ఇలాంటివాణ్ణి మా ఊళ్లో లారీ క్లీనరుగా కూడా పెట్టుకోరు. పైగా వీళ్లందరికీ పుర్రె గుర్తు జెండాలు! నేను దొంగనని జెండా మీద వేసుకుని తిరిగేవాడికి దొంగతనం ఏం వచ్చినట్టు? మా ఫ్లెక్సీల మీద అందరూ చేతులు జోడించుకునే ఉంటారు.

నేనిలా మార్కులు కోస్తూ పోతుంటే మనోజ్ఞకు కోపం వచ్చింది.

"వాళ్లకి కనీసం మొహాలున్నాయి నాన్నా. మీ విలన్ ఏడీ? చూపించు."

సరే పద అన్నాను. శాలువా సంచిలో పెట్టుకుని, కప్పగల్లు బస్సెక్కాం. మా అక్క యశోదమ్మ ఉండేది అక్కడే. మాకంటే ముందు నుంచే ఆమె ఒక విలన్‌ను వెతుకుతోంది.

మా అక్క మిరప రైతు. బావ పోయినా చేను వదలలేదు. ఆమె నోటికి చుట్టుపక్కల మంచి పేరుంది. కొంగు దోపి తిట్టడం మొదలుపెడితే వీధిలో కోళ్లు కూడా పక్కకు తప్పుకుంటాయి. అలాంటి మనిషి చేను పక్కన ఇనుప ఖనిజం కుప్పలు పోసే యార్డు వెలిసింది. కళ్లంలో ఆరబోసిన మిరపకాయల మీద రోజూ ఎర్రదుమ్ము. నన్నడిగితే అది వరం. కాయకు రంగు, తినేవాడికి ఇనుము, రెండూ ఉచితం. డాక్టర్లు టానిక్కుగా రాసిచ్చేది మా అక్క కళ్లంలో ఊరికే దొరుకుతోంది.

కానీ వ్యాపారులకు జనం ఆరోగ్యం పట్టదు. ఒక కాయ తీసి, వేలితో రుద్ది, ఆ వేలిని అక్కకే చూపించి వెళ్లిపోయారు. పోయినేడూ అంతే జరిగింది. ఇంకో పంట ఇలాగే పోతే చేను తన చేతుల్లో నిలవదని ఆమెకు తెలుసు. అందుకే ఉన్న తిట్లన్నీ కూడగట్టుకుని, దుమ్ముకు కారణమైనవాణ్ణి నిలదీయడానికి బయలుదేరింది. మేమూ వెంట నడిచాం.

యార్డు కోదండరామిది. అక్కకు సొంత మరిది, ఆమె కలిపి పెట్టిన ముద్దలు తిని పెరిగినవాడు. వదినను చూడగానే లేచాడు. తన కుర్చీ టవలుతో తుడిచి ఆమెకు వేశాడు. టీ తెప్పించాడు.

"నాదేముండాది వదినా? నేల బాడిగెకిచ్చినా, అంతే. దుమ్ము లేపేది లారీలోల్లు. గట్టిగా అడుగు, కావల్లంటే నేనూ వస్తా నీ ఎంట."

వెంట వచ్చాడు కూడా. మొదటి టిప్పర్‌లోంచి హొన్నూరప్ప దిగాడు. మొన్నటిదాకా అక్క చేను దున్నినవాడే. ఎద్దుల్ని అమ్మి టిప్పర్ కొన్నాడు.

"నేనేం జేయల్ల యశోదక్కా? నిదానంగా పోతే ఎనకోడు హారన్ కొడతాండాడు. తొందర పెట్టేది కంపెనీవోల్లు. వాళ్లనడుగు."

కంపెనీ అంటే ఒక రేకుల షెడ్డు. అందులో దయాసాగర్ ఉన్నాడు. ఆదివారాలు చర్చిలో ఆయన పాట వినడానికి వేరే ఊళ్ల నుంచి కూడా వస్తారు. అంత మెత్తని గొంతు.

"మేం కొనేవాళ్లమే అమ్మా. చైనావాళ్లు ఎంతయినా పంపమంటున్నారు. అడగాలంటే వాళ్లనే అడగాల" అన్నాడు.

చైనాకు బస్సు ఎక్కడ ఎక్కాలని అక్క అడగలేదు. మొహం చూస్తే మాత్రం అడిగేలాగే ఉంది.

ప్రతి చోటా నేను సంచిలోంచి శాలువా తీశాను. ప్రతి ఒక్కరూ దండం పెట్టి, ఇది నాకు తగదు, ఫలానావాళ్లకు ఇవ్వండి అన్నారు. ఇంత వినయం ఏ బొమ్మల కథలో చూశారు? అక్క కూడగట్టుకున్న తిట్లలో ఒక్కటీ ఖర్చు కాలేదు. టీ తాగి ఇంటికి వచ్చేశాం.

ఆ తర్వాత ఏరువాక పున్నమి వచ్చింది. ఆ రోజు ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు రంగు పూసి, ఇంటి పెద్దావిడ హారతి ఇచ్చాకే మొదటి సాలు వేయడం మా ఆచారం. ఈసారి ఎద్దులు లేవు. కోదండరామి యార్డులో టిప్పర్లను కడిగి, అద్దాలకు బంతిదండలు కట్టి, వరుసగా నిలబెట్టాడు. ఇంటి పెద్ద అని వదినను పిలిచాడు. నీ చెయ్యి మంచిది వదినా అన్నాడు. ఇవాళ ఇక నోరు విప్పుతుందని ఊరంతా వచ్చి చూసింది. నాకూ భయమేసింది, కొంచెం ఆశ కూడా కలిగింది.

అక్క ఒక్కో టిప్పర్‌కూ బొట్టు పెట్టింది, హారతి ఇచ్చింది. పళ్లెం కింద పెట్టి, మెల్లగా అంది.

"రామీ, నా చేను గూడా నీ యార్డులో కలుపుకో నాయనా. ఇంగ నాతో అయ్యేట్టు లేదు."

ఎవరూ అడగలేదండీ. బెదిరించలేదు, కత్తి చూపించలేదు. కోదండరామి కళ్లు తుడుచుకున్నాడు. అది నటన కాదు, వాడు నిజంగానే ఏడ్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు మనోజ్ఞ వాళ్ల అత్త చెయ్యి పట్టుకుంది.

"కథ అయిపోలేదత్తా. హీరో ఎప్పుడూ లేటుగానే వస్తాడు."

"వచ్చి ఎవుర్ని కొట్టల్ల పాపా? అందురూ మనోల్లే కదా."

అక్క చేను గట్టు మీద కూర్చుంది. అప్పుడు మొదలయ్యాయి తిట్లు. ఇన్నాళ్లు దాచుకున్నవన్నీ ఒక్కటి మిగల్చకుండా తిట్టింది, తనను తానే. బుద్ధి లేనిదాన్ననీ, మొగుడు అప్పజెప్పిన చేను నిలుపుకోలేనిదాన్ననీ, పిలిచి మరీ చేతిలో పెట్టినాననీ. మేము ఆపలేకపోయాం. అంతా అయ్యాక కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు చూసింది.

"కేశవా, ఆ శాలువా తెచ్చినావా? ఇటు తే. నాకే కప్పు."

పాఠకులారా, పోటీ ముగిసింది. చేను మింగడం ఏ విలనైనా చేస్తాడు. చేను పోగొట్టుకున్న మనిషి చేతే శాలువా అడిగించగల విలన్ జపానులో లేడు, సముద్రాల మీదా లేడు. మనోజ్ఞ కూడా ఒప్పుకుంది. శాలువా మాత్రం ఇంకా నా సంచిలోనే ఉంది. మా అక్కకు కప్పడానికి నాకు చేతులు రావడం లేదు.