ద్వాలి నొప్పి, రెడ్యా మంచం

ఆ రోజు రెడ్యాకు ఉన్న పని ఒక్కటే. కల్లంలో ఎండబోసిన మిరపకాయలను ఒకసారి తిరగేసి, వేపచెట్టు నీడన కాసేపు నడుం వాల్చాలి. మూడు రోజుల నుంచి ఆ నడుము అదే అడుగుతోంది.

తెల్లారకముందే భార్య ద్వాలి మంచంలో లేచి కూర్చుంది. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంది. నొప్పి అని కూర్చునే మనిషి కాదు ఆమె. రెడ్యాకు భయం వేసింది.

"ఏమైంది?"

"ఛాతీల బరువుగున్నది. ఎడమ చెయ్యి లాగుతున్నది. చెమటలు పోస్తున్నయి. రాంబాబు డాక్టరుకు చెప్పి గోళీలు తే."

"నువ్వు కూడ రా."

"నేనొస్తే మిర్చి ఎవలు చూస్తరు? మబ్బు ఎట్ల పట్టిందో చూడు. వాన పడేలోపు పట్టా కప్పాలె. నీకు నోరున్నది కద, పోయి చెప్పు."

రెడ్యాకు నోరుంది. దాన్ని వాడే అలవాటే తక్కువ.

ఆ తండాలో రోగం వచ్చినవాళ్లు డాక్టరు దగ్గరికి పోరు. ఆ పూట పని లేనివాళ్లు పోతారు. రోగం చెప్పి గోళీలు తెస్తారు. ఏన్కూరు దారిలో రేకుల షెడ్డు పెట్టుకున్న ఆరెంపీ రాంబాబు ఇరవై ఏళ్లుగా ఇలాగే వైద్యం చేస్తున్నాడు. తండాలో సగం మంది మొహాలు అతనికి తెలియవు. రోగాలు మాత్రం అందరివీ తెలుసు.

ఆ రోజు షెడ్డుకు తాళం ఉంది. రాంబాబు మధిరలో పెళ్లికి పోయాడని పక్కనున్న టీ కొట్టాయన చెప్పాడు. రెడ్యా కాసేపు తాళం వైపు చూశాడు. తర్వాత పట్నం బస్సెక్కాడు. కూర్చునే చోటు దొరకలేదు. ఆమె చెప్పిన మాటలు మరిచిపోకుండా దారి పొడవునా లోపల చెప్పుకుంటూ నిలబడ్డాడు. బస్సు దిగి పెద్ద దవాఖానా దాకా ఉక్కపోతలో పరుగెత్తాడు. చెమట కారుతుంటే చేత్తో మొహం తుడుచుకున్నాడు. మూడు రోజులు మిర్చి ఏరిన చెయ్యి అది. కళ్లు భగ్గుమన్నాయి.

దవాఖానాలో అతనికి ముందుగా కనబడింది ఎమర్జెన్సీ ద్వారం. లోపల కంప్యూటరు ముందు బాలకృష్ణ అనే ఉద్యోగి కూర్చుని చీటీలు రాస్తున్నాడు.

"ఆధార్ ఇయ్యి," అన్నాడు బాలకృష్ణ.

రెడ్యా తన కార్డు ఇచ్చాడు. వేరే కార్డు తెమ్మని ఎవరూ చెప్పలేదు.

"సారూ, మా ఇంటామె..."

"ఇంటి సంగతులు తర్వాత చెప్పుకుందువు. బాధేందో చెప్పు జల్దీ. నీ ఎనక లైను చూడు."

రెడ్యా బస్సులో వల్లించుకున్నది అప్పజెప్పాడు. "తెల్లారకముందు నుంచి ఛాతీల బరువు. ఎడమ చెయ్యి లాగుడు. చెమటలు."

బాలకృష్ణ తలెత్తాడు. చెమటతో తడిసిన చొక్కా, నీళ్లు కారుతున్న ఎర్రటి కళ్లు కనబడ్డాయి. ఎన్నడూ లేవని కుర్చీలోంచి లేచాడు. "మేడమ్! గుండెపోటు కేసు!"

ఇద్దరు మనుషులు వచ్చి రెడ్యాను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. మూడు రోజుల తర్వాత అతని నడుముకు దొరికిన మొదటి సుఖం అది. అందుకే వెంటనే కాదనలేకపోయాడు.

డ్యూటీ డాక్టరు పేరు సుజన. డ్యూటీ ఎక్కి ఇరవై ఆరు గంటలైంది. తనకు బదులు రావలసిన డాక్టరు ఇంకా రాలేదు. ఆమె చీటీ చూసింది, మనిషిని చూసింది, మంచం చూపించింది.

"ఎంతసేపటి నుంచి బాబాయ్ నొప్పి?"

"తెల్లారకముందు నుంచి."

"ఇంతసేపు ఏం చేశావు?"

"రాంబాబు డాక్టరు షెడ్డుకు పోయిన. తాళం ఉన్నది."

"అందరూ ఇంతే. ఆర్‌ఎంపీ దగ్గర కాలం గడిపి చివర్లో మా దగ్గరికి వస్తారు." ఆమె నర్సు వైపు తిరిగింది. "పద్మావతమ్మగారూ, ఈసీజీ."

పద్మావతమ్మ అతని ఛాతీకి తీగలు అంటించింది. రెడ్యా పైకప్పు వంక చూస్తూ, "నాకేం లేదమ్మా," అన్నాడు.

"గుండె జబ్బొచ్చిన మగోళ్లందరు అనేది గదే," అంది పద్మావతమ్మ. ఆమెకు ఉద్యోగంలో ఇది ముప్పయ్యో ఏడు. రోగులు చెప్పేది నమ్మడం ఎప్పుడో మానేసింది.

కాగితం బాగానే వచ్చింది. సుజన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మొదటి ఈసీజీ ఒక్కోసారి ఇలాగే మోసం చేస్తుంది. మళ్లీ తీద్దాం. ముందు టాబ్లెట్లు నమిలించండి," అంది.

గోళీలు చేతిలో పడగానే రెడ్యా మొహం తేటపడింది. వచ్చిన పని అయింది. వాటిని జాగ్రత్తగా తువ్వాల కొసకు ముడేసి మంచం దిగబోయాడు.

"ఏందయ్యా, మూట కడ్తున్నవ్? నోట్లేస్కో!"

"ఇవి నాయి కావమ్మా. ఆమెయి."

"ఏ ఆమెయి?"

"ద్వాలియి."

"పెండ్లాన్ని కలవరిస్తున్నడు మేడమ్," అంది పద్మావతమ్మ. ముడి విప్పి, గోళీలు అతని నోట్లో వేసి, నమిలేదాకా ఎదుట నిలబడింది.

రెడ్యా నమిలాడు. చేదుకు మొహం ముడుచుకుంది. "నేను మింగితే ఆమెకెట్ల తగ్గుతది?"

సుజన చీటీలో రాసుకుంది: మాటలో పొంతన లేదు. గుండెతో పాటు మెదడుకు కూడా ఏమైనా అయిందేమోనన్న అనుమానం వచ్చింది. "బాబాయ్, చేతులు రెండూ ఎత్తు. ఆఁ. ఇప్పుడు ఒకసారి నవ్వు."

"ఎందుకు?"

"మూతి వంకర పోయిందేమో చూడాలి. నవ్వు."

రెడ్యా ప్రయత్నించాడు. ఇంటి దగ్గర ద్వాలి ఛాతీ పట్టుకుని మిర్చి కుప్ప చేస్తూ ఉంటుంది. ఆమెకు తేవలసిన గోళీలు తన కడుపులో ఉన్నాయి.

"నవ్వొస్తలేదమ్మా."

సుజన దాన్ని కూడా రాసుకుంది. తలకు స్కానింగు చెయ్యాలంది. దానికి ఇంటివాళ్ల సంతకం కావాలి. బాలకృష్ణ చీటీలో ఉన్న నంబరుకు ఫోన్ చేశాడు. అది రెడ్యా కొడుకు కోటేష్‌ది. కోటేష్ ట్రాలీ ఆటో నడుపుతాడు.

"మీ నాయినకు గుండెపోటు. తలకాయల గూడ ఏమో అయింది. మనిషి పలుకుతలేడు. మీ ఇంటోళ్లను తీస్కొని జల్దీ రా."

పలకకపోవడం రెడ్యాకు పుట్టుకతో ఉన్నదేనని కోటేష్‌కు ఆ కంగారులో తట్టలేదు. అతను తల్లికి చెప్పాడు. తల్లి కేక తండాకు చెప్పింది. ఉన్న ఆడవాళ్లంతా తలో కొసా పట్టి మిర్చి మీద పట్టా కప్పి, ట్రాలీ ఎక్కారు. గంటలోపల పదమూడు మంది ఏడుస్తూ ఎమర్జెన్సీలోకి వచ్చారు. అప్పటికి మూడో ఈసీజీ కూడా బాగానే వచ్చింది. సుజనకు దిగులు పెరిగింది.

అందరికంటే వెనక ద్వాలి వచ్చింది. గోడ పట్టుకుని నడిచింది. తీగల మధ్య పడుకున్న మొగుణ్ని చూసి ఆగిపోయింది.

"గోళీలు తెమ్మంటే మంచమెక్కినవా?"

"నేను ఎక్కలే. ఎక్కించిన్రు."

"గోళీలేవి?"

"మింగించిన్రు."

సుజన వాళ్ల మధ్యకు వచ్చింది. "అమ్మా, మీ ఆయనకి ఇలా ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా?"

"ఆయనకేంది? ఎద్దు లెక్క ఉన్నడు. నొప్పి నాది," అంది ద్వాలి. అని పక్కనున్న స్టూలు మీద కూలబడింది. ఆమె జాకెట్టు చెమటతో తడిసి ఉంది. పెదాలు తెల్లబడ్డాయి.

ఏడుస్తున్న పదమూడు మందీ ఒక్కసారిగా ఆగారు. బాలకృష్ణ తన చీటీ వంక చూసుకున్నాడు. పద్మావతమ్మ రెడ్యాను చూసింది.

"ముందే చెప్పొద్దా అయ్యా?"

"మూడు సార్లు చెప్పిన."

సుజన అతన్ని మంచం మీద నుంచి దింపి, ద్వాలిని పడుకోబెట్టి, పరదా లాగింది. నాలుగో ఈసీజీ బయటికి వచ్చింది. ఈసారి ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాల్సిన పని పడలేదు. గీత చూడగానే సుజనకు అన్ని గంటల నిద్రమత్తూ వదిలిపోయింది. గోళీలు, ఆ తర్వాత రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను, అన్నీ ఉరుకుల మీద నడిచాయి.

రెడ్యా పరదా ఇవతల స్టూలు మీద కూర్చున్నాడు. పరదా కింద కనబడుతున్న ద్వాలి పాదాల వంకే చూస్తూ ఉన్నాడు. మధ్యాహ్నం దాటాక ఒక పాదం కదిలి, దుప్పటిని కిందికి తన్నింది. ఉక్కపోస్తే ద్వాలి చేసే పని అదే. రెడ్యా అప్పుడు లేచి మంచినీళ్లు తాగాడు.

సుజన బయటికి వచ్చి గోడకు ఆనుకుంది. "గండం గడిచింది బాబాయ్. ఇంకో రెండు గంటలు ఇంటి దగ్గరే ఉండి ఉంటే నేనేమీ చెయ్యలేకపోయేదాన్ని."

"గోళీలు ఇస్తే ఇంటికే తీస్కపోతుంటి," అన్నాడు రెడ్యా.

ఆ మాట సుజనకు సూటిగా తగిలింది. పొద్దున అతను చెప్పింది సరిగ్గా విని ఉంటే, నాలుగు గోళీలు చేతిలో పెట్టి పంపించేసేదేమో. అప్పుడు ద్వాలి బతికి ఇక్కడికి వచ్చేది కాదు. వినకపోవడం వల్లే మంచి జరిగిందని ఒప్పుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు.

సాయంత్రం బదులు డాక్టరు వచ్చినా ఆమె ఇంటికి పోలేదు. కొత్త కాగితాలు తీసుకుని ద్వాలి మంచం పక్కన కుర్చీ వేసుకుంది. ఈసారి రోగినే అడగాలనీ, మధ్యలో ఒక్క మాట కూడా అడ్డు రాకూడదనీ గట్టిగా అనుకుంది.

"అమ్మా, మీకు మొట్టమొదట ఒంట్లో బాగాలేనిది ఎప్పుడు? తొందరేం లేదు. అన్నీ చెప్పండి."

ఇలా అడిగిన మనిషి ద్వాలికి ఇంతవరకు తగల్లేదు. ఆమె దిండు సరిచేసుకుని మొదలుపెట్టింది.

సుజన మూడో కాగితం తిప్పేసరికి ద్వాలి కథలో కోటేష్ ఇంకా పుట్టలేదు.